మొదలు లేని మర్రి చుట్టూ ఒక నడక

కోల్‌కతాకు హుగ్లీ నది ఆవలి ఒడ్డున, హౌరా జిల్లా శిబ్‌పూర్‌లో ఆచార్య జగదీశ్ చంద్రబోస్ భారత వృక్షోద్యానం ఉంది. 1787లో ఏర్పాటైన ఈ తోటకు తెలుగునేలతో పాత బంధమే ఉంది. సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలను అధ్యయనం చేసిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో ఇక్కడ సూపరింటెండెంట్‌గా చేరారు.

పిల్లలతో ప్రకృతి నడకకు వచ్చే కుటుంబాలు తప్పక ఆగే చోటు ఇక్కడి మహా మర్రి. అక్కడ పిల్లలకు అప్పగించదగ్గ పని ఒకటుంది: ఈ చెట్టు మొదలు ఎక్కడుందో వెతకడం. ఎంత తిరిగినా దొరకదు. ఎందుకంటే అది లేదు!

250 ఏళ్లు దాటిన ఈ చెట్టును 1864, 1867 తుపానులు దెబ్బతీశాయి. ఆ తర్వాత శిలీంధ్రం సోకి మొదలు కుళ్లిపోవడంతో 1925లో దాన్ని తొలగించారు. అప్పటికి దాని చుట్టుకొలత 15 మీటర్ల పైమాటే. మొదలు పోయినా చెట్టు బతికింది. ఇప్పుడు దాదాపు 1.9 హెక్టార్లలో విస్తరించి, దూరానికి చిన్న అడవిలా కనిపిస్తుంది. దాన్ని నిలబెడుతున్నవి 3,500కు పైగా ఊడలు.

ఊడ అంటే కొమ్మ నుంచి పుట్టే వేరు. గాలిలో వేలాడినంత కాలం తాడులా సన్నగా ఉంటుంది. మట్టిలోకి దిగాక నీటిని, ఖనిజ లవణాలను పీల్చి పైకి పంపుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ కలప పొరలు చేరి స్తంభంలా లావెక్కుతుంది. బరువు మోయడం, నీరు అందించడం అనే మొదలు చేసే పనులను ఇక్కడ వేల ఊడలు పంచుకున్నాయి. అందుకే 2020 మేలో ఆంఫన్ తుపానుకు కొన్ని ఊడలు కూలినా చెట్టు నిలిచింది.

దారిలో రాలిన మర్రిపండు దొరికితే చీల్చి చూడవచ్చు. లోపలి గోడ నిండా చిట్టి పూల ఆనవాళ్లు ఉంటాయి. పూలు లోపలే దాగి ఉండటం వల్ల తేనెటీగలకు అందవు. 'యూప్రిస్టినా మసోని' అనే అతి చిన్న కందిరీగ సన్నని రంధ్రం గుండా లోపలికి దూరి పరాగ సంపర్కం జరుపుతుంది.

ఇక పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న: చెట్టు చుట్టూ కంచె ఎందుకు? నలుగురూ తొక్కే నేల గట్టిపడుతుంది. మట్టి రేణువుల మధ్య ఖాళీలు మూసుకుపోయి వేళ్లకు గాలి, నీరు సరిగా అందవు. లేత ఊడలు అలాంటి నేలలోకి దిగలేవు. మొదలు లేని చెట్టుకు కొత్త ఊడలే భవిష్యత్తు. అందుకే సంరక్షకులు లేత ఊడలను వెదురు గొట్టాల గుండా నేలకు చేరుస్తుంటారు.

ఈ పాఠం మనకు దగ్గరిదే. మహబూబ్‌నగర్ సమీపంలోని పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మలు విరిగినప్పుడు, 2018లో సెలైన్ సీసాలతో బొట్టుబొట్టుగా మందు ఎక్కించారు. ఊడలు నేలకు దిగేందుకు పైపులు అమర్చారు. శిబ్‌పూర్‌లోనైనా, పిల్లలమర్రిలోనైనా, శ్రీసత్యసాయి జిల్లా తిమ్మమ్మ మర్రిమాను దగ్గరైనా పిల్లలకు ముందుగా నేర్పాల్సింది ఇదే: ఊడలు పట్టుకుని ఊగకూడదు, దారి దిగి నడవకూడదు. ఈరోజు వేలు మందాన వేలాడే ఊడే రేపు కొమ్మను మోసే స్తంభం.