నెత్తుటి చుక్కలో కణస్వరూపము

తార్నాక నుండి తూర్పుగా ఉప్పల్ చేరు మార్గమున హబ్సిగూడ దాటినంతనే కనబడు సి.సి.ఎం.బి. ప్రాంగణమునందును, హబ్సిగూడ కూడలి కడ ఉత్తరముగా మరలి ఇ.సి.ఐ.ఎల్. వైపు పోవు బాటలోని నాచారమునందును జీవకణమును గూర్చి ఎంతటి పరిశ్రమ జరిగినదో, ఆ దారుల వెంట దినమును బస్సులలో రాకపోకలు సాగించు వారిలో ఎందఱెఱుగుదురో చెప్పజాలము. 1977వ సంవత్సరమున తార్నాకలోని ప్రాంతీయ పరిశోధనాలయమున ఒక భాగముగా మొదలై, పుష్పమిత్ర భార్గవ గారి పట్టుదలచే స్వతంత్రసంస్థగా ఎదిగి, 1987 నవంబరు 26వ తేదీన ప్రధాని రాజీవ్ గాంధీచే జాతికి అంకితమైన సి.సి.ఎం.బి. (కణ, అణుజీవశాస్త్ర కేంద్రము) పేరులోనే కణమున్నది. అందలి శాస్త్రజ్ఞుడు లాల్జీసింగ్ పూనికతో 1990వ దశకమున వెలసిన డి.ఎన్.ఏ. వేలిముద్రల కేంద్రము, సి.డి.ఎఫ్.డి., తొలుత నాచారమున పనిచేసి, పిదప నాంపల్లిలో కొంతకాలముండి, నేడు ఉప్పల్‌లో స్థిరపడినది.

పోలీసులు ముద్రవేసి పంపిన నెత్తుటి మరకను అట్టి ప్రయోగశాలలో ఏమి చేయుదురో వరుసగా చూచినచో, కణము యొక్క అంగములు ఒక్కొక్కటిగా మన యెదుటికి వచ్చును. ఘన మిల్లీమీటరు నెత్తుట ఎఱ్ఱకణములు సుమారు 50 లక్షలుండగా, తెల్లకణములు 4 వేలు మొదలు 11 వేల వఱకు మాత్రమే యుండును. నెత్తుటికి రంగునిచ్చి, మరకను మరకగా చూపునవి ఎఱ్ఱకణములే యైనను, న్యాయస్థానమునకు కావలసిన సాక్ష్యము వాటియందు లేదు; ఏలననగా ఎదిగిన ఎఱ్ఱకణము ప్రాణవాయువును మోయు హిమోగ్లోబినునకు చోటు విడుచుటకై తన కేంద్రకమును, మైటోకాండ్రియాలను, మాంసకృత్తులు చేయు రైబోసోములను సైతము పారవైచుకొని, ఒట్టి సంచివలె తిరుగుచుండును. అట్లు తిరుగుచు సుమారు 120 దినములు బ్రదుకును, చక్కగా పనియు చేయును. కాని తనలో చెడినదానిని తిరిగి చేసికొను సాధనమేదియు లేనందున అంతకుమించి నిలువజాలదు. కేంద్రకము లేనిదే కణము క్షణమైన బ్రదుకదనుకొనువారికిని, కేంద్రకముతో పనియే లేదనువారికిని ఈ యొక్క ఉదాహరణమే చాలును.

ఇక సాక్ష్యమును దాచుకొన్న తెల్లకణమునకు పోదము. దానిని చుట్టియున్న ప్లాస్మాత్వచము కొవ్వు అణువులు రెండు వరుసలుగా ఏర్పడిన పలుచని పొర. దాని మందము మిల్లీమీటరులో లక్షవ వంతునకు తగ్గియే యుండును. లోపలికి పోవలసినదానిని పోనిచ్చి, బయటికి రావలసినదానిని రానిచ్చి, తక్కినదానిని అడ్డగించు ఈ పొర సబ్బువంటి ద్రావణము తగిలినంతనే, జిడ్డుగిన్నెలోని కొవ్వు కరగినట్లు, కరగి విచ్చిపోవును. కేంద్రకమును చుట్టిన జంటపొరకు కూడ అదే గతి. ఆ జంటపొరకు లోపలివైపున లామినులను మాంసకృత్తులు వలవలె అల్లుకొని కేంద్రకమునకు ఆకృతినిచ్చుచుండును, సి.సి.ఎం.బి.లో వీణా పర్నాయక్ గారు చిరకాలము పరిశోధించినది ఈ లామినులనే. ఈ వలలో ఒక పోగు చెడినను కండరములు క్షీణించు వ్యాధులును, పసితనముననే వార్ధక్యము మీదపడు ప్రొజీరియా యను వ్యాధియును కలుగుచుండగా, దానిని కేవలము ఆధారపుచట్రమని తేలికగా చెప్పి ఊరకుండరాదు.

పొరలు పోయిన పిదప మాంసకృత్తులను జీర్ణింపజేయు ఎంజైమును చేర్చెదరు. ఒక్కొక్క కణమునందు చాచినచో సుమారు 2 మీటర్ల పొడవుండు డి.ఎన్.ఏ., మిల్లీమీటరులో నూఱవ వంతునకు మించని కేంద్రకమున ఇముడుటకు హిస్టోనులను మాంసకృత్తుల చుట్టు చుట్టుకొని యుండును. ఆ చుట్టలు విడివడి, చల్లని ఆల్కహాలు చేరినప్పుడు, తేట ద్రవమునుండి తెల్లని పోగులు మెల్లగా పైకి తేలును. గాజుకడ్డీకి చుట్టి తీయదగిన ఆ పోగులను చూచిన విద్యార్థి, వంశపారంపర్యమను మాట చేతికి తగులు పదార్థమని నమ్మక తప్పదు. వీనిలో ఏ భాగము మనిషికి మనిషికి భేదించునో పట్టుకొనుటకు లాల్జీసింగ్ వాడిన సాధనము చారల కట్లపాము డి.ఎన్.ఏ. నుండి వచ్చినది, పాములలో లింగభేదము ఏ క్రోమోజోముచే ఏర్పడునో వెదకుచున్న కాలమున దొరకిన ఆ పునరావృతభాగము, కేరళలోని తలశ్శేరి కోర్టులో బిడ్డకు తండ్రియెవరో తేల్చుటకును, 1991వ సంవత్సరమున రాజీవ్ గాంధీ హత్య జరిగిన పిదప దర్యాప్తునకును అక్కఱకు వచ్చినది. సి.సి.ఎం.బి.ని జాతికి అంకితము చేసిన చేతులు ఆయనవే యగుట తలచుకొన్న మనసు కలుక్కుమనును.

కణమును పగులగొట్టియే తెలిసికొను ఈ మార్గము కొత్తది కాదు. అల్బర్ట్ క్లాడ్ అను బెల్జియము శాస్త్రజ్ఞుడు న్యూయార్కున కణములను నలిపి, ఆ రసమును గిరగిర త్రిప్పు యంత్రమున నుంచి, వేగమును క్రమక్రమముగా పెంచుచు పోగా, మొదట బరువైన కేంద్రకములును, పిమ్మట మైటోకాండ్రియాలును, కడపట సన్నని పొరల తునుకలును వేర్వేఱుగా అడుగున చేరినవి. అదే పద్ధతిని అనుసరించిన క్రిస్టియన్ ద డ్యూవ్ 1949వ సంవత్సరమున ఎలుక కాలేయపు రసములో ఒక ఎంజైము బలమును కొలువగా, తాజారసములో తక్కువయు, కొన్నిదినములు చల్లనిచోట నిలువయుంచిన రసములో ఎక్కువయు కనబడినది. నిలువయుంచిన బలము తగ్గవలెను గాని పెరుగుటేమి? అది ఒక సంచిలో బంధింపబడియున్నదనియు, సంచి శిథిలమగుకొలది బయటపడుచున్నదనియు ఆయన ఊహించెను. కణములోని చెత్తను అరిగించు ఆ సంచులకే పిదప లైసోజోములని పేరు వచ్చినది. ఆ అంగమును కంటితో చూడకముందే తర్కముచే కనుగొన్నారనుట గమనింపదగును. క్లాడ్, ద డ్యూవ్, జార్జి పలాడీ అను మువ్వురును 1974వ సంవత్సరమున నోబెల్ బహుమానమును పంచుకొనిరి.

పాఠశాల గోడల మీది పటములలో మైటోకాండ్రియాలు రెండో మూడో గీయబడియుండును. కాలేయకణమునందు నిజముగా అవి వేయికి పైబడియుండును. ఆహారమును దహించి అవి తయారుచేయు ఏ.టి.పి. అను శక్తిపదార్థమును మొదట కనుగొన్నవారిలో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారొకరు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కూడి 1925వ సంవత్సరమున ఆయన వెలువరించిన భాస్వరపు కొలతపద్ధతిలో ద్రావణము ఎంత నీలమగునో అంత భాస్వరమున్నదని తేలును. ఆ నీలమును పట్టుకొని వెదుకుచు పోగా కండరములలో ముందు ఫాస్ఫోక్రియాటినును, 1929వ సంవత్సరమున ఏ.టి.పి.యును బయటపడినవి, అదే యేడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానిని వేఱుగా కనుగొనెను.

మైటోకాండ్రియాలకు తమదియగు డి.ఎన్.ఏ. కలదు: 16,569 అక్షరములు, 37 జన్యువులు. ఒకప్పుడు స్వతంత్రముగా బ్రదికిన బాక్టీరియములే పెద్దకణములలో చేరి ఇట్లైనవని 1967వ సంవత్సరమున లిన్ మార్గులిస్ ప్రతిపాదింపగా, ఆనాడు నవ్వినవారే తరువాత ఒప్పుకొనిరి. ఈ డి.ఎన్.ఏ. తల్లినుండియే సంక్రమించును, తండ్రిది బిడ్డకు చేరదు. ఒంటరి వెండ్రుక తునుకలో కేంద్రకపు జాడ చెడిపోయినను ఇది మిగిలియుండును గనుక నేరపరిశోధకులకు ఉపకరించును. తల్లుల వరుసను పట్టుకొని వెనుకకు నడచుటకును ఇదే దారి. సి.సి.ఎం.బి.కి చెందిన తంగరాజ్, లాల్జీసింగ్ ప్రభృతులు 2005వ సంవత్సరమున అండమాను ద్వీపములలోని ఒంగీలను, గ్రేట్ అండమానీయులను పరిశీలించి, వారి మాతృవంశశాఖలు 50 వేల నుండి 70 వేల యేండ్ల క్రిందట ఆఫ్రికానుండి తీరము వెంబడి వచ్చిన తొలిజనులకు చెందినవని నిర్ణయించిరి.

కేంద్రకములోని లిపి నకలును చదివి మాంసకృత్తును కూర్చునవి రైబోసోములు. వీని నిర్మాణమును విశదపఱచినందులకే చిదంబరమున పుట్టిన వెంకి రామకృష్ణన్ మఱి యిద్దఱితో కలసి 2009వ సంవత్సరమున నోబెల్ పొందిరి. కూర్పులో తప్పు దొరలినచో దానిని తొలగించు ఏర్పాటును కణములోనే కలదు, లైసోజోములు గాక ప్రోటియాసోములను వేఱు సాధనములును కలవు. అదే యేడు తంగరాజ్ బృందము వెల్లడించిన మఱియొక సంగతి: గుండెకండరమునకు కావలసిన మాంసకృత్తులలో ఒకదాని జన్యువునందు 25 అక్షరములు లోపించుట మన దేశమున నూటికి సుమారు నలుగురిలో కలదు. ఆ వికృతమాంసకృత్తును యౌవనమున కణము ఎప్పటికప్పుడు తుడిచివేయుటచే మనిషి ఆరోగ్యవంతుడుగానే కనబడును. వయసు పైబడి తుడుపు మందగించినకొలది అది పేరుకొని గుండె బలహీనమగునని వారి వివరణ. ఒకరియందీ లోపము బయటపడినచో తోబుట్టువులకును బిడ్డలకును సగముపాలు అవకాశముండును గనుక, ఆ కుటుంబమువారు నడివయసు రాకముందే గుండెవైద్యుని సలహా పొందుట మంచిది.