శంఖనాదము గాలిని అయనీకరించునా?



దేవాలయమున ఘంట మ్రోగినప్పుడు, శంఖము పూరింపబడినప్పుడు, వేదఘోష చెవిని బడినప్పుడు మనస్సునకు కలుగు ప్రసన్నత మనకందరకును అనుభవైకవేద్యము. ఆ ప్రసన్నతకు కారణమేమని అడిగినచో కొందరు వక్తలు ఇట్లు సెలవిచ్చుచున్నారు: "ఆ నాదతరంగములు గాలిలోని వాయువులను అయానులుగా మార్చును. అందుచే పరిసరములు శుద్ధి యగును." ఈ మాట వినుటకు ఇంపుగానే యున్నది. ఇది సత్యమా యన్నదే ప్రశ్న. ధర్మమునకు సత్యమే మూలమని నమ్మిన మనము ఈ ప్రశ్నను ప్రక్కకు నెట్టరాదు.

ముందుగా అయనీకరణమనగా నేమో తెలిసికొందము. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ప్రాణవాయువు, మిగిలినది ఆర్గాన్ మొదలగు వాయువులు. ఈ అణువులలో ధనవిద్యుత్తు గల కేంద్రకములును, వాటిని ఆశ్రయించియున్న ఋణవిద్యుత్తు గల ఎలక్ట్రానులును కలవు. రెండును సరితూగుటచే అణువు తటస్థముగా నుండును. అందుండి ఒక ఎలక్ట్రానును పెరికివేసినచో మిగిలినది అయాను. ఊరక పెరుకుట సాధ్యము కాదు. దానికి వెల చెల్లింపవలెను. ప్రాణవాయువు అణువునకు ఆ వెల సుమారు 12 ఎలక్ట్రాన్ వోల్టులు, నత్రజని అణువునకు సుమారు 15.6 ఎలక్ట్రాన్ వోల్టులు. మన చుట్టునున్న గాలిలో ఒక్కొక్క అణువు తన సహజ సంచారముచే కలిగియుండు శక్తి సగటున 0.04 ఎలక్ట్రాన్ వోల్టు మాత్రమే. అనగా చెల్లింపవలసిన వెలలో ఇంచుమించు మున్నూరవ వంతు. కావుననే గాలి తనంతట తాను అయానులుగా విడిపోక నిలిచియున్నది.

ఇక శబ్దము సంగతి. శబ్దమనగా గాలి పొరలు ఒకదాని వెంట నొకటి దగ్గరకు వచ్చుట, దూరమగుట. ఈ అల 20 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద సెకనుకు సుమారు 343 మీటర్ల వేగముతో సాగును. అణువులు మాత్రము అల వెంట పోవు. ఉన్నచోటనే అటునిటు ఊగును. రథోత్సవమున జనసమ్మర్దములో ఒక మూల పుట్టిన త్రోపు మరియొక మూలకు ప్రాకును గాని, త్రోయబడిన భక్తులు తమ చోటనే నిలిచియుందురు గదా! శబ్దమును అట్టిదే.

చెవికి బాధ కలిగించునంతటి తీవ్రమైన ధ్వనిని, అనగా 120 డెసిబెల్స్ ధ్వనిని తీసికొందము. అది వాతావరణ పీడనమున కలిగించు మార్పు 20 పాస్కల్స్. వాతావరణ పీడనము 1,01,325 పాస్కల్స్. మార్పు అందులో అయిదువేలవ వంతు. ఆ ధ్వనిచే అణువులు ఊగు వేగము సెకనుకు సుమారు 5 సెంటీమీటర్లు. ధ్వని లేనప్పుడును అవే అణువులు సెకనుకు సుమారు 500 మీటర్ల వేగముతో నలుదిక్కులకు పరుగిడుచునే యున్నవి. వేగములో పదివేలవ వంతు అగుటచే, శక్తిలో పదికోట్లవ వంతు. రుణము తీర్చుటకు మున్నూరవ వంతు సొమ్ము మాత్రమే గలవాని చేతిలో, ఆ స్వల్పమున పదికోట్లవ వంతు వేసినచో రుణము తీరునా? చాలసేపు మ్రోగించినచో కొంచెము కొంచెముగా కూడునని అనుకొనరాదు. అణువులు నిరంతరము ఢీకొనుచుండుటచే ఆ శక్తి అందరికిని పంచబడి, అత్యల్పమైన వేడిగా లయించును. ఒక్క ఎలక్ట్రాను వద్ద ప్రోగుపడదు. కావున శంఖనాదముగాని, ఘంటానాదముగాని గాలిని అయనీకరింపజాలదు.

మరి ఉరుము మాటేమి? మెరుపుతో గాలి అయనీకరింపబడుట నిజము గదా అని యడుగవచ్చును. మెరుపు దారిలో గాలి దాదాపు 30,000 డిగ్రీల వరకు వేడెక్కి, ఒక్కసారిగా వ్యాకోచించును. ఆ వ్యాకోచమే ఉరుముగా మనకు వినబడును. ఇచ్చట అయనీకరణము తల్లి, శబ్దము బిడ్డ. బిడ్డను తల్లి యనుట తగదు. అంతరిక్షమునుండి తిరిగివచ్చు నౌక ముందర గాలి అయనీకరింపబడి రేడియో సంబంధము కొంతసేపు తెగిపోవుటయు కలదు. అది అభిఘాత తరంగముచే పుట్టిన వేలకొలది డిగ్రీల వేడిమి ఫలము. మనము వినెడి నాదమునకు దానితో పోలిక లేదు.

శబ్దము వాయువును అయనీకరించు సందర్భము ఒకటి మాత్రము కలదు. ద్రవములో తీవ్రమైన ధ్వనితరంగములను ప్రసరింపజేసినచో అందలి సూక్ష్మమైన బుడగలు కుంచించుకొనిపోయి క్షణకాలము వెలుగును చిమ్మును. 1934లో జర్మనీలోని కొలోన్ నగరమున ఫ్రెంజెల్, షుల్టెస్ అను శాస్త్రజ్ఞులు దీనిని కనిపెట్టిరి. 2005లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున ఫ్లానిగన్, సస్లిక్ గంధకికామ్లములోని ఆర్గాన్ బుడగలో సుమారు 15,000 డిగ్రీల వేడిమిని, అయనీకరణ చిహ్నములను చూపిరి. బుడగ గోడలు నలువైపులనుండి కూలి శబ్దశక్తిని ఒక్క బిందువున కేంద్రీకరించుటచే ఇది సాధ్యమైనది. ఆలయ మండపములోని గాలికి అట్టి గోడలు లేవు.

గాలిలో అయానులే లేవా? కలవు. భూమినుండి వెలువడు రాడాన్ వాయువు, ఆకాశమునుండి వచ్చు విశ్వకిరణములు వాటిని నిరంతరము పుట్టించుచున్నవి. విక్టర్ హెస్ 1912లో బెలూనులో 5,000 మీటర్లకు పైగా ఎక్కి, ఎత్తునకు పోయినకొలది అయనీకరణము పెరుగుటను కొలిచి ఈ కిరణములను గుర్తించెను. 1936లో నోబెల్ బహుమతి నందెను. దీపజ్వాలలో జరుగు రసాయనచర్యయు కొలదిగా అయానులను పుట్టించును. హారతివేళ ఘంటయు మ్రోగును, కర్పూరమును వెలుగును. అప్పుడు ఎవరైన పరికరము పెట్టి అయానులను లెక్కించి, ఆ ఫలమును ఘంటకు కట్టబెట్టినచో ఏమగును? తర్కశాస్త్రము చదివినవారికి కుమ్మరి గాడిద ఉదాహరణము తెలియును. మట్టిని మోసికొనివచ్చిన గాడిద కుండ పుట్టినచోట నున్నంత మాత్రమున కుండకు కారణము కాదు; అది అన్యథాసిద్ధము. ఒకచోట, ఒకవేళ నుండుటకును, కారణమగుటకును గల భేదమును మన పూర్వులు ఇంత చక్కగా నిరూపించియుండగా, మనమే దానిని మరచుట తగునా?

మరియొక విశేషము. మన న్యాయశాస్త్రము శబ్దమును ఆకాశగుణముగా చెప్పెను. వాయువునకు విశేషగుణము స్పర్శ యని చెప్పెను. పూజారంభమున ఘంట మ్రోగించునప్పటి సంకల్పము దేవతలను ఆహ్వానించుట, దుష్టశక్తులను తొలగించుట. అందు అయానుల ప్రసక్తి లేదు. లేనిదానిని శాస్త్రమునకు అంటగట్టుట శాస్త్రసేవ కాదు.

"పోనిండు, భక్తి పెరిగినచో ఒక చిన్న అబద్ధమువలన నష్టమేమి?" అని అనవచ్చును. నష్టము రెండు విధములు. మొదటిది: కళాశాలలో భౌతికశాస్త్రము చదువుచున్న మన బిడ్డ ఈ లెక్కను అరగంటలో వేయగలడు. చెప్పిన మాట తప్పని తేలిననాడు, ఆ మాటతోపాటు మనము చెప్పిన మంచినంతయు అతడు త్రోసివేయును. రెండవది: ధ్వని పెరిగినకొలది శుద్ధి పెరుగునని నమ్మినవారు లౌడ్‌స్పీకరు స్థాయిని పెంచుకొనుచు పోదురు. 85 డెసిబెల్స్‌ను మించిన ధ్వనిని నిత్యము గంటలకొలది వినుట చెవికి హానికరము. పోయిన వినికిడి చాలవరకు తిరిగిరాదు. ఆలయము ప్రక్క ఇంటిలో పసిబిడ్డలు, వృద్ధులు, రోగులు ఉందురు. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు లౌడ్‌స్పీకర్లను నిషేధించుటకు కారణమిదియే. పరులను బాధించు నాదము భగవంతునకు ప్రీతికరమెట్లగును?

ఘంటానాదము చెదిరిన మనస్సును ఒకచోటికి పిలుచును. కంచుఘంట నాదము క్రమక్రమముగా సన్నగిల్లుచుండగా వినువాని చిత్తమును దాని వెంట అంతర్ముఖమగును. దీనికి అయానుల సాక్ష్యము అక్కరలేదు. శ్రద్ధగా వినువాని అనుభవమే సాక్ష్యము. కావున ఘంటను మ్రోగింతము, శంఖమును పూరింతము, మితమైన ధ్వనితో, నిండు మనస్సుతో. తెలిసినంతవరకే చెప్పుదము.

స్వస్తి.