మంసాపురం ఏ జిల్లాలోది? వికీపీడియాలో దిద్దుబాటు వివాదాలు తీరే విధం

మా తరగతిలో ఇద్దరు విద్యార్థులకు ఒక చిన్న పని అప్పగించాం. తెలుగు వికీపీడియాలో సభ్యులు రాత అలవాటు చేసుకోవడానికి 'ప్రయోగశాల' అనే పుట ఒకటి ఉంటుంది. అందులో రాజపాళయం దగ్గరి మంసాపురం గురించి ఇద్దరూ కలిసి పది వాక్యాల వ్యాసం రాయాలి. ఒకరిది ఆ ఊరే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం; తెలుగు అక్షరాలు నేర్చుకున్నది మా దగ్గరికి వచ్చాకనే. రెండవవారిది హోసూరు, బడిలో కొన్నేళ్లు తెలుగు చదువుకున్నవారు. రెండు రోజుల పని అనుకున్నాం. వారం గడిచేసరికి పుటలో నిలిచినవి నాలుగు వాక్యాలు. పుట చరిత్రలో పోగుపడిన దిద్దుబాట్లు అరవైకి పైగా. ఒకరు రాసింది మరొకరు తీసివేయడం, తీసివేసినదాన్ని మొదటివారు మళ్లీ పెట్టడం. చివరకు ఇద్దరూ మా గదికి వచ్చి, "మీరే చెప్పండి సార్, ఎవరిది ఒప్పు?" అన్నారు.

మేము చెప్పలేదు. చెప్పడం చేతకాక కాదు (కొంతవరకు అదీ నిజమే), అలా చెప్పే మనిషి ఆ విజ్ఞాన సర్వస్వంలో లేడు కనుక. కొమర్రాజు లక్ష్మణరావుగారు (1877–1923) ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం వెలువరించిన రోజులలో ఏది ఉండాలి, ఏది కూడదు అన్నది సంపాదకుడు తేల్చేవాడు. ఆ పద్ధతిలో తగాదా తక్కువ, భారం ఎక్కువ. ఆయన కన్నుమూసేనాటికి మూడు సంపుటాలే వచ్చాయి. 2001 జనవరిలో ఆంగ్లంలో మొదలైన వికీపీడియాలో, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఆ స్థానం ఖాళీగానే ఉంటుంది. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. ప్రతి పాత ప్రతీ 'చరిత్ర' అనే మీట వెనుక భద్రంగా ఉంటుంది. కనుక అక్కడ తేలవలసినది ఎవరు గెలిచారన్నది కాదు, పుటలో ఏ వాక్యం నిలవవచ్చునన్నది. ఈ రెండూ ఒకటి కావు. మా విద్యార్థుల తగవులు మూడింటినీ వరుసగా చూస్తే ఈ భేదం తెలుస్తుంది.

మొదటిది పేరు. తమిళంలో ఈ ఊరిపేరులో మొదటి అక్షరం హ్రస్వం, తరువాత మకార పొల్లు. దాన్ని తెలుగులో మంసాపురం అని సున్నతో రాయాలా, మమ్సాపురం అని పొల్లుతో రాయాలా? 'హంస' అన్నప్పుడు మన నోట సకారం ముందు సున్న మకారంగానే పలుకుతుంది కనుక సున్నతో రాస్తే చాలు. హోసూరు విద్యార్థి అంతటితో ఆగక, ఇది అచ్చుతప్పు అనుకుని దీర్ఘం చేర్చి 'మాంసాపురం' చేశారు. ఊరివారికి కోపం రావడంలో వింత లేదు. రాజపాళయం సంగతీ ఇంతే: రాజపాళయం, తమిళ ఉచ్చారణను బట్టి రాజపాళైయం, తెలుగు నోట రాజపాళెం. తమిళంలోనే కొందరు రకారానికి ముందు ఇకారం చేర్చి రాస్తారు. ఈ తగవుకు వికీపీడియాలో మందు సులువు. వాడుకలో ఎక్కువగా ఉన్న రూపం శీర్షిక అవుతుంది. మిగిలిన రూపాలన్నీ 'దారిమార్పు' పుటలవుతాయి. ఏ రూపంతో వెదికినా పాఠకుడు అదే వ్యాసానికి చేరుతాడు. సగం పేరు తగాదాలు ఇక్కడే సద్దుమణుగుతాయి.

రెండవది జిల్లా. ఇది మరింత ఆసక్తికరం, ఎందుకంటే ఇద్దరి చేతిలోనూ అచ్చయిన ఆధారాలున్నాయి. ఒకరు పాత పుస్తకం చూసి 'తిరునల్వేలి జిల్లా' అని రాశారు. మరొకరు దాన్ని కొట్టివేసి 'విరుదునగర్ జిల్లా' అన్నారు. మధ్యలో ఎవరో స్నేహితుడు వచ్చి, మా తాతగారి దస్తావేజులో రామనాథపురం అని ఉంది అన్నాడు. ముగ్గురివీ ఒప్పులే. శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయం ప్రాంతం మొదట తిరునల్వేలి జిల్లాలో ఉండేది. 1910లో మధుర, తిరునల్వేలి జిల్లాల భాగాలు తీసి రామనాథపురం జిల్లా ఏర్పరచినప్పుడు అందులోకి వెళ్లింది. 1985లో రామనాథపురం మూడుగా విడిపోయినప్పుడు విరుదునగర్ కేంద్రంగా కామరాజర్ జిల్లాలో చేరింది. 1997లో జిల్లాలకు వ్యక్తుల పేర్లు తీసివేసినప్పుడు అదే విరుదునగర్ జిల్లా అయింది. కొట్లాడుకున్నది ఊరి గురించి కాదు, వాక్యంలో లేని సంవత్సరం గురించి. ఏడాది చేర్చగానే మూడు వాక్యాలూ ఒకే పేరాలో పక్కపక్కన కూర్చున్నాయి.

ఇటువంటిదే, ఇంతకు చాలా పెద్దది, ఆంగ్ల వికీపీడియాలో జరిగింది. పోలండులోని ఒక రేవు పట్టణానికి పోలిష్‌లో గ్దాన్స్క్ అని, జర్మన్‌లో దాన్‌జిగ్ అని పేరు. ఏళ్ల తరబడి ఒకరు ఒకటి రాస్తే మరొకరు రెండవది చేశారు. 2005లో సభ్యుల అభిప్రాయ సేకరణ జరిపి, 1308 నుంచి 1945 వరకు జరిగిన విషయాలు చెప్పేటప్పుడు దాన్‌జిగ్ అనీ, దానికి ముందూ తరువాతా గ్దాన్స్క్ అనీ రాయాలని నిర్ణయించారు. ఏ పక్షమూ పూర్తిగా తృప్తి పడలేదనే మా అనుమానం. అయినా వాక్యం నిలిచింది. మన ఊళ్లకు కూడా ఈ అవసరం తక్కువేమీ కాదు. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. ప్రతి మార్పుకూ వేల గ్రామాల పుటలలో జిల్లా పేరు తిరగరాయవలసి వచ్చింది. పాత పేరు చెరిపివేయాలా, తేదీతో ఉంచాలా అన్న ప్రశ్న ప్రతి పుటలోనూ ఉంది.

మూడవ తగవుకు వెళ్లేముందు తీర్పు నడిచే పద్ధతి కొంచెం చెప్పాలి. ఎవరో మీ వాక్యాన్ని తీసివేశారనుకోండి. వెంటనే తిరిగి పెట్టడం వ్యాసానికి మేలు చేయదు. పెట్టినా, తీసినా, కింద 'దిద్దుబాటు సారాంశం' అన్న గడిలో కారణం ఒక్క ముక్కలో రాయాలి. మా విద్యార్థులు అరవై దిద్దుబాట్లలో రెండింటికే కారణం రాశారు; ఒకటి "తప్పు", రెండవది "నీదే తప్పు". ఆ తరువాత వ్యాసం వెనుకనున్న చర్చాపేజీకి వెళ్లాలి. అక్కడ వ్యక్తి గురించి కాక వాక్యం గురించి మాట్లాడాలి, ఆధారం చూపాలి. అవతలివారు మంచి ఉద్దేశంతోనే రాశారని అనుకుని మొదలుపెట్టాలన్నది అక్కడి మర్యాద. ఇద్దరికీ కుదరకపోతే, ముందుగా పాల్గొనని మూడవ సభ్యుణ్ని పిలవవచ్చు. ఇంకా పెద్దదైతే అందరూ చూసే చోట పెట్టవచ్చు. ఆ చోటికి తెలుగు వికీపీడియా పెట్టుకున్న పేరు రచ్చబండ. ఆంగ్లంలో అదే చోటికి పల్లెలోని నీళ్ల పంపు పేరు పెట్టారు. మనవాళ్లు దాన్ని అనువదించకుండా, పల్లెలో తగవులు తీరే చెట్టుకింది అరుగునే తీసుకోవడం మాకు చాలా నచ్చిన సంగతి.

ఒక వ్యక్తి ఒకే పుటలో 24 గంటలలో మూడుసార్లకు మించి ఇతరుల దిద్దుబాట్లను తిప్పికొడితే అతణ్ని కొంతకాలం రాయకుండా ఆపవచ్చునని ఆంగ్ల వికీపీడియాలో 2004 నుంచి నియమం ఉంది. అతను చెప్పేది సరి అయినా సరే. ఇది చాలామందికి అన్యాయంగా తోస్తుంది. కాని ఆ నియమం చూసేది విషయాన్ని కాదు, నడతను. నిర్వాహకులనబడేవారి అధికారం కూడా అంతే. వారు పుటకు తాళం వేయగలరు, అల్లరి చేసేవారిని ఆపగలరు. తాతగారి దస్తావేజు నిజమా కాదా అన్న తీర్పు మాత్రం వారి పని కాదు. తాళం వేసేటప్పుడు పుట ఏ ప్రతి దగ్గర ఉంటే ఆ ప్రతి దగ్గరే ఆగిపోతుంది కనుక, "ఎప్పుడూ తప్పు ప్రతికే తాళం పడుతుంది" అని సభ్యులలో ఒక హాస్యం.

ఓట్ల సంగతి కూడా చెప్పాలి. మా విద్యార్థులలో ఒకరు వసతిగృహం నుంచి ఆరుగురిని వెంటబెట్టుకుని వచ్చి, "ఏడుగురం ఒకటే మాట" అన్నారు. ఏకాభిప్రాయం అంటే తలలు లెక్కపెట్టడం కాదు. ఆరుగురూ ఒకే ఆధారం చెబితే అది ఒక ఆధారమే. ఒక్కరు చెప్పిన గట్టి ఆధారానికి జవాబు రానంతవరకు ఆ మాట నిలిచి ఉంటుంది. ఒకే మనిషి రెండు మూడు పేర్లతో వచ్చి మద్దతు పలకడం మరింత దోషం. పట్టుబడితే అన్ని పేర్లూ పోతాయి.

ఇంత యంత్రాంగం ఉన్నా చిన్న భాషలలో ఒక ఇబ్బంది ఉంది. ఆంగ్లంలో మూడవ మనిషి గంటలలో దొరుకుతాడు. వివాదాలు ముదిరితే సభ్యులు ఎన్నుకున్న మధ్యవర్తిమండలి 2004 నుంచి ఉంది, అదీ నడతను గురించే తీర్పు చెబుతుంది. తెలుగులో క్రమం తప్పక రాసేవారు బహు కొద్దిమంది. ఈ పుటలో మీతో తగువాడినవారే రేపు ఇంకో పుటలో మీకు సాయం చేయవలసినవారు. ఒక్కరు అలిగి వెళ్లిపోతే ఒక జిల్లా పుటలన్నీ అనాథలవుతాయి. అందుకే మాట నెమ్మదిగా ఉండడం అక్కడ మర్యాద మాత్రమే కాదు, మదుపు కూడా.

ఇక మూడవ తగవు. మంసాపురం విద్యార్థి రాసిన వాక్యం ఇది: "ఇక్కడి తెలుగువారు విజయనగర రాజుల కాలంలో వచ్చి స్థిరపడ్డారు." హోసూరు విద్యార్థి ఆధారం అడిగారు. "మా అవ్వ చెప్పింది." తీసివేశారు. మళ్లీ పెట్టారు. ఆ రాత్రి కంటనీరు కూడా పెట్టుకున్నారని తరువాత తెలిసింది. ఇందులో మేము ఎవరినీ తప్పుపట్టలేము. తమిళనాడు తెలుగు కుటుంబాలలో ఇటువంటి వలస కథ లేని ఇల్లు అరుదు. మధుర నాయకుల కాలానికి ముడిపెట్టేవి కొన్ని, కరవుకు ముడిపెట్టేవి కొన్ని. అచ్చయిన చరిత్ర ఈ ఊళ్ల వరకు రాలేదు. వికీపీడియా నియమమేమో, మరెక్కడా అచ్చు కాని సొంత పరిశోధన ఇక్కడ కూడదంటుంది. సిద్ధాంత వ్యాసానికి నేరుగా ఎదురు నియమమిది: అక్కడ కొత్తది చెప్పకపోతే పట్టా రాదు, ఇక్కడ కొత్తది చెబితే వాక్యం ఉండదు. భాషాశాస్త్రంలో అవ్వ నోటి మాటే మాకు ప్రమాణం. విజ్ఞాన సర్వస్వంలో ఆమెకు చోటు లేదు. బయట ఉన్న తెలుగువారికి ఈ నియమం ఆంధ్రదేశంలో ఉన్నవారికన్నా ఎక్కువ నొప్పి కలిగిస్తుంది. దాన్ని దాచడం మాకిష్టం లేదు.

అయినా ఆ నియమం వద్దని మేము అనము. జనాభా విషయం చూడండి. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 42 లక్షలకు పైగా, అంటే నూటికి 5.87. సభలలో, వేదికలపై దీనికి ఎన్నో రెట్లు చెప్పేవారున్నారు. జనగణన లెక్కించేది అడిగినరోజు చెప్పిన మాతృభాషను. వేదికపై చెప్పేవారు లెక్కించేది వంశమూలాన్ని. అవ్వ మాటను ఆధారం లేకుండా చేర్చుకుంటే వేదిక మాటనూ చేర్చుకోవాలి, ఎదుటి పక్షం వేదిక మాటనూ చేర్చుకోవాలి. అప్పుడు మన లెక్క మనమే నమ్మలేని స్థితి వస్తుంది.

తెలుగులో 'అట' అనే చిన్న మాట ఉంది. "వచ్చారట" అన్నప్పుడు నేను చూడలేదు, విన్నాను అని వినేవారికి తెలుస్తుంది. కాని ఎవరి దగ్గర విన్నారో 'అట' చెప్పదు. విజ్ఞాన సర్వస్వం అడిగేది సరిగ్గా దాన్నే. "విజయనగర కాలంలో వచ్చారు" అన్నది నిలవదు. "విజయనగర కాలంలో వచ్చామని ఇక్కడి కుటుంబాలు చెప్పుకుంటాయని ఫలానావారు ఫలానా పుస్తకంలో నమోదు చేశారు" అన్నది నిలుస్తుంది. మొదటి వాక్యంతో వాదానికి దిగినవారు కూడా రెండవదానితో వాదించలేరు. ఆ ఫలానా పుస్తకం మంసాపురానికి మాకింతవరకు దొరకలేదు.

ప్రస్తుతానికి శీర్షిక మంసాపురం అని ఉంది, జిల్లా పేరా మూడు తేదీలతో ఉంది, వలస వాక్యం వ్యాసంలో లేదు. చర్చాపేజీలో ఇద్దరి సంతకాలతో, "ఆధారం కోసం వెదుకుతున్నాం" అన్న గమనికతో ఉంది. సెలవులకు ఊరు వెళ్లేటప్పుడు ఆ విద్యార్థికి శాఖలోని రికార్డరు ఇచ్చి పంపాం. హోసూరు విద్యార్థి కూడా వెంట వెళ్లారు. చెప్పినవారి అనుమతి, ఊరు, వయసు, తేదీ, మాట మాటగా రాసిన పాఠం ఉన్న కథనాలను ఈ పత్రికలో అచ్చు వేస్తాం. మీ ఇళ్లలో ఉన్నవీ పంపండి. అవ్వ వాడిన మాటను మాత్రం దిద్దకండి.