వేసవిలో పచ్చిక నేలలు: నిర్ధారణ, నీటి యాజమాన్యం

గోల్కొండ నయా ఖిల్లాలోని హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ మైదానానికైనా, అమీర్‌పేట, పంజాగుట్టల మధ్య మెట్రో వంతెన నీడలో పెంచే పచ్చికకైనా వేసవి కఠిన పరీక్షే. 1966 జూన్ 2న నగరంలో 45.5 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నమోదైంది. అయితే పచ్చిక క్షీణించిన ప్రతిచోటా కారణం ఎండ కాదు. పరిష్కారం నీరూ కాదు. హెక్టారు పచ్చికకు రోజుకు 5 మి.మీ. నీరు ఇవ్వాలంటే 50,000 లీటర్లు కావాలి. వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసే నగరంలో ఇది చిన్న పరిమాణం కాదు.

గరిక సహజ శక్తి

గోల్ఫ్ మైదానాలలో విరివిగా వాడే బెర్ముడా గడ్డి మన గరికే. సంకర రకాలకు కూడా గరిక ఒక జనకం. ఇది సి4 వర్గానికి చెందినది. 27–35 డిగ్రీల వద్ద చక్కగా పెరుగుతుంది. శీతల దేశాల గ్రీన్లలో వాడే బెంట్ గడ్డి సి3 వర్గానిది. దానికి 15–24 డిగ్రీలు అనుకూలం. కనుక గరికకు మన ఎండకన్న నీటి ఎద్దడే పెద్ద సమస్య. నేలలో తేమ తగ్గగానే పత్రరంధ్రాలు మూసుకుంటాయి. బాష్పోత్సేకం తగ్గి ఆకు చల్లబడే మార్గం కోల్పోతుంది. అప్పుడే ఎండ దెబ్బ తీవ్రమవుతుంది.

ఎద్దడి కొనసాగితే ఆకులు ఎండి గరిక సుప్తావస్థలోకి వెళుతుంది. భూగర్భ కాండాలలోని మొగ్గలు కొన్ని వారాలు సజీవంగా ఉండి, వాన పడగానే చిగురిస్తాయి. కాండాన్ని విరిచి చూసినప్పుడు లోపల తెల్లగా, గట్టిగా ఉంటే మొక్క బతికే ఉన్నట్లు.

లక్షణాలను గుర్తించడం

నీటి ఎద్దడికి గురైన పచ్చిక నీలి బూడిద రంగుకు మారుతుంది, ఆకులు ముడుచుకుంటాయి, అడుగుజాడలు చాలాసేపు చెరగవు. వంతెన నీడలోని పచ్చిక తీరు వేరు. కాండాలు సన్నగా సాగి, పాలిపోయి, పలచబడతాయి. గరిక నీడను తట్టుకోలేదు. అక్కడ నీరు పెంచితే శిలీంధ్ర తెగుళ్లు పెరగడమే తప్ప ప్రయోజనం ఉండదు. అటువంటి చోట పచ్చికకు బదులు సింగోనియం వంటి నీడను తట్టుకునే మొక్కలు మేలు.

యాజమాన్య సూచనలు

• నీటిని ముందుగా గ్రీన్లకు కేటాయించాలి. 3–4 మి.మీ. ఎత్తులో కోసే ఈ పచ్చికకు వేర్లు లోతుగా పోవు; ఎద్దడిని తట్టుకునే శక్తి తక్కువ. ఫెయిర్‌వేలు, ఆట జరగని భాగాలు కొంతకాలం సుప్తావస్థలో ఉన్నా నష్టం లేదు.
• సాధారణ పచ్చికకు రోజూ పైపైన చల్లక, తెల్లవారుజామున 10–15 సెం.మీ. లోతు తడిసేలా పెట్టి, ఎద్దడి లక్షణాలు మొదలయ్యాకే మళ్లీ పెట్టాలి.
• కోత ఎత్తు పెంచాలి. ఒకేసారి ఆకు ఎత్తులో మూడో వంతుకు మించి కోయరాదు.
• ఎద్దడి కాలంలో నత్రజని వేయరాదు.
• శుద్ధి చేసిన మురుగునీరు వాడేటప్పుడు లవణ సాంద్రతను క్రమం తప్పక పరీక్షించాలి.

సలహా కోరినవారికి నీటి మోతాదు చెప్పే ముందు విస్తరణ సిబ్బంది మూడు అంశాలు పరిశీలించాలి: పచ్చికపై ఎన్ని గంటలు ఎండ పడుతున్నది, వేర్లు ఎంత లోతున ఉన్నవి, కాండం సజీవంగా ఉన్నదా. గోధుమ రంగు పచ్చిక అంతా చనిపోయినట్లు కాదని వివరించగలిగితే, నైరుతి రుతుపవనాల వరకు ఎంతో నీరు మిగులుతుంది.