కంప్యూటరు మొరాయిస్తే ముందు చెయ్యకూడని పనులు

తాయిఫ్‌లో ఎండాకాలం సాయంత్రాలకి ఓ పద్ధతి ఉంది. మధ్యాహ్నం దాకా ఎండ కాస్తుంది, పొద్దు వాలే వేళకి సరవాత్ కొండల మీద మబ్బులు కమ్ముకుంటాయి, కాసేపు ఉరిమి, నాలుగు చినుకులు రాల్చి వెళ్లిపోతాయి. అలాంటి ఓ సాయంత్రం తర్వాత రెండు రోజులకి, మా వీధిలోనే ఉండే ఓ నర్సమ్మ ఫోన్ చేసింది. తుని వైపు అమ్మాయి.

"అన్నయ్యగారూ, ఉరుముకి మా కంప్యూటర్ పోయిందండీ. షాపతను కొత్త డిస్కు వేసి ఫార్మాట్ కొట్టేస్తా, ఖలాస్ అంటున్నాడు. మీరోసారి చూస్తారా?"

గల్ఫ్‌కి వచ్చిన తెలుగువాడు మొదటి వారంలో నేర్చుకునే అరబ్బీ మాటల్లో ఈ 'ఖలాస్' ఒకటి. అయిపోయింది, ఇంకేం లేదు అని అర్థం. నేను మాత్రం, "దాంట్లో ఏముందమ్మా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. 2020 మార్చిలో విమానాలు ఆగిపోయాయి కదా. ఆ ఏడు వానాకాలంలో వాళ్ల నాన్నగారు పోయారు, ఈ అమ్మాయి వెళ్లలేకపోయింది. పోవడానికి నాలుగు రోజుల ముందు వీడియో కాల్‌లో పదకొండు నిమిషాలు మాట్లాడి, దాన్ని రికార్డు చేసుకుంది. ఆ ఫోను ఎప్పుడో పోయింది. మిగిలిన ఒకే ఒక్క ప్రతి ఈ కంప్యూటర్లో ఉంది.

"ఫార్మాట్ వద్దని చెప్పి, పెట్టెను ఉన్నదున్నట్టు మా ఇంటికి పట్టుకొచ్చెయ్యమ్మా" అన్నాను.

ఆ వారం నేను చేసిన పనులు, చెయ్యకుండా ఆగిన పనులు మన కుటుంబాల్లో ఎవరికైనా అక్కరకు వస్తాయని ఇది రాస్తున్నాను. కంప్యూటర్ లేవకపోవడం వేరు, అందులోని సరుకు పోవడం వేరు. బీరువా తాళంచెవి విరిగితే నగలు పోయినట్టు కాదు. కానీ కంగారులో ఎవరైనా బీరువాను గొడ్డలితో పగలగొడితే నగలకీ దెబ్బ తగులుతుంది. లేవని కంప్యూటర్లలో డేటా పోయిన సందర్భాలు నేను చూసినవాటిలో ఎక్కువ భాగం ఈ గొడ్డలి దెబ్బలే.

ముందు కరెంటు సంగతి. సౌదీలో పాత ఇళ్లలో ఉండి వచ్చినవాళ్లకి తెలుసు, ఒకే గదిలో రెండు రకాల ప్లగ్గులుండేవి. దీపాలకీ చిన్న సామానుకీ 127 వోల్టులు, ఏసీకి 220. ఈ గందరగోళం వదిలించి 230 వోల్టులకు మారాలని ప్రభుత్వం 2010లో నిర్ణయించింది. ఆ మార్పు అంచెలంచెలుగా జరిగే పని కనుక, ఓ ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారితే వోల్టేజీ కూడా మారవచ్చు. ల్యాప్‌టాప్‌లకి దీంతో ఇబ్బంది లేదు, వాటి అడాప్టర్లు 100 నుంచి 240 దాకా దేన్నయినా తట్టుకుంటాయి. పాత డెస్క్‌టాప్‌ల పవర్ సప్లైకి మాత్రం (మన ఊళ్లో రిపేరువాళ్లు ఎస్సెంపీఎస్ అంటారు) వెనకవైపు చిన్న ఎర్ర మీట ఉంటుంది. దాని మీద 115 అనో 230 అనో కనిపిస్తుంది. 230 దగ్గర పెట్టి 127 ప్లగ్గులో గుచ్చితే కంప్యూటర్ సరిగ్గా లేవదు, అంతే. 115 దగ్గర పెట్టి 230లో గుచ్చితే మాత్రం లోపలి కెపాసిటర్ల మీద రెట్టింపు ఒత్తిడి పడి ఠప్‌మంటుంది.

మీట చూశాను. 115 దగ్గర ఉంది.

"కొత్త ఇంట్లో దీన్ని మొదటిసారి ఎప్పుడు పెట్టారమ్మా?" అంటే, "ఆ ఉరుముల రోజే పెట్టామండీ. ఠప్‌మని చప్పుడొస్తే పిడుగనుకున్నాం" అంది. పాపం, నింద పిడుగు మీద పడింది! పోయింది పవర్ సప్లై. ఇలాంటప్పుడు మదర్‌బోర్డూ డిస్కూ బతికి ఉండే అవకాశం బాగానే ఉంటుంది.

కరెంటు సరిగానే ఉండి, ఫ్యాను తిరుగుతూ, తెర మాత్రం వెలగకపోతే కథ వేరు. మీట నొక్కగానే కంప్యూటర్ తనను తాను తడిమి చూసుకుంటుంది: ప్రాసెసర్, ర్యామ్, తెర ఉన్నాయా అని. ఏదన్నా లేకపోతే కొన్ని బోర్డులు బీప్‌మని చెబుతాయి. ర్యామ్ పలకను తీసి, దాని బంగారు అంచును మెత్తని గుడ్డతో తుడిచి, తిరిగి గట్టిగా నొక్కి పెడితే బాగుపడిన కంప్యూటర్లు బోలెడు. దుమ్ము ఎక్కువుండే ఈ దేశంలో మొదట చూడవలసింది అదే. తెర వెలిగి, బూట్ అయ్యే డిస్కు లేదని వస్తే ముందు పెన్‌డ్రైవ్‌లన్నీ పీకెయ్యండి. గడియారం ఏ పాత సంవత్సరమో చూపిస్తుంటే బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయినట్టు. సీఆర్ 2032 అని అడిగితే బఖాలాలో కూడా దొరుకుతుంది. అది చచ్చిపోతే ఏ డిస్కు నుంచి లేవాలో యంత్రం మర్చిపోతుంది.

డిస్కులో మొదటి 512 బైట్లు, అంటే పాత పద్ధతిలో మాస్టర్ బూట్ రికార్డ్ అనే ముక్క, పాడైనా కంప్యూటర్ లేవదు. పుస్తకంలో విషయసూచిక పేజీ చిరిగినట్టన్నమాట, మిగతా పేజీలు ఎక్కడివక్కడే ఉంటాయి. కానీ పేజీల మీద కూడా సిరా పోస్తే? అదే 2012 ఆగస్టు 15న ఈ దేశంలోనే సౌదీ అరాంకోలో జరిగింది. షమూన్ అనే వైరస్ దాదాపు 30 వేల కంప్యూటర్లలో ఫైళ్ల మీద వేరే బొమ్మ ముక్కను రాసి, చివరికి ఆ మొదటి ముక్కనూ చెరిపేసింది. ఒకదాని మీద ఇంకొకటి రాస్తే ఎవరూ వెనక్కి తేలేరు. అందుకే షాపతని ఫార్మాట్ అంటే నాకంత భయం. త్వరగా చేసే ఫార్మాట్ సూచికనే తుడుస్తుంది గాని, ఆ వెంటనే కొత్త విండోస్ ఎక్కిస్తే పాత పేజీల మీద సిరా పడుతుంది.

కాబట్టి యంత్రం సంగతి పక్కన పెట్టి ముందు డిస్కు తీశాను. దాన్ని యూఎస్‌బీకి కలిపే అడాప్టర్లు కంప్యూటర్ దుకాణాల్లో దొరుకుతాయి. డిస్కు తీయడం రాకపోతే, మెషీన్ మాత్రం బాగుంటే, ఉబుంటు లాంటి లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాంతో లేపవచ్చు. అక్కడ 'ట్రై' అన్నదే నొక్కాలి. 'ఇన్‌స్టాల్' నొక్కారో, అది మరో గొడ్డలి.

డిస్కు టిక్ టిక్‌మని కొట్టుకుంటుంటే వెంటనే ఆపెయ్యండి. లోపల చదివే ముల్లు పళ్లెం మీద కొద్ది నానోమీటర్ల ఎత్తులో గాలి మీద తేలుతుంటుంది. మన తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. ఇంట్లో మూత తీస్తే పడే ఒక్క దుమ్ము కణం దానికి కొండ. తాయిఫ్ ఎత్తు దాదాపు 1,880 మీటర్లు కదా, పలచటి గాలి వల్ల ఏమైనా అవుతుందా అని ఓ మిత్రుడు అడిగాడు. కాదు, మామూలు డిస్కులు 3,000 మీటర్ల దాకా పనిచేసేలా చేస్తారు. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందన్న మాట కూడా వినకండి. బయటికి తీయగానే తడి పడుతుంది.

ఆ అమ్మాయి డిస్కు టిక్కుమనలేదు గాని, సరిగ్గా ఆ ఫోల్డర్ దగ్గరే కాపీ నిలిచిపోయింది. మళ్లీ మళ్లీ ప్రయత్నించడం ముసలి డిస్కును చంపడమే. ఇలాంటప్పుడు డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. మంచి విద్యార్థి పరీక్షలో వచ్చిన జవాబులన్నీ ముందు రాసేసి, రానివాటికి చివర్లో తిరిగొచ్చినట్టు, అది బాగున్న భాగాలను ముందు కొత్త డిస్కులోకి ఎత్తేసి, పాడైనవాటి కోసం తర్వాత వెనక్కి వస్తుంది. రాత్రి పెట్టి పడుకున్నాను.

అది నడుస్తుండగా రెండు మాటలు. ఇప్పటి ఎస్‌ఎస్‌డీల్లో చెరిపిన ఫైలును డిస్కే కాసేపట్లో నిజంగా ఖాళీ చేసేస్తుంది, వెతికినా దొరకదు. విండోస్ 11తో వచ్చే ల్యాప్‌టాపుల్లో చాలావాటికి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే డిస్కుకు తాళం పడుతుంది. దాని 48 అంకెల తాళంచెవి ఆ ఖాతాలోనే ఉంటుంది. ఇవాళే చూసి కాగితం మీద రాసుకోండి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ వాళ్ల ఒక్క తప్పుడు ఫైలు వల్ల 85 లక్షల విండోస్ కంప్యూటర్లు లేవలేదు. ఆ ఫైలు తీసేస్తే చాలు, లేచేవి. తాళంచెవి దగ్గర లేనివాళ్లు మాత్రం దాన్ని వెతుక్కుంటూ కూర్చున్నారు.

రాసే అలవాటున్నవాళ్లకి ఇంకొకటి. పాత తెలుగు ఫైళ్లు అనూ ఫాంట్లలో ఉంటే, ఫైలొక్కటే తెచ్చుకుంటే గజిబిజి ఇంగ్లీషు గుర్తులే కనిపిస్తాయి. డిస్కు నుంచి ఫాంట్స్ ఫోల్డర్ను కూడా ఎత్తుకోవాలి. నా పాత కథలు రెండు ఇప్పటికీ ఆ గుర్తుల్లోనే ఉన్నాయి, ఎవరికీ పెద్ద నష్టం లేదనుకోండి!

తెల్లారేసరికి ఏవో కొన్ని ముక్కలు తప్ప అంతా వచ్చేసింది. వీడియో పెట్టాను. ఏడో నిమిషం దగ్గర బొమ్మ కాసేపు నిలిచిపోతుంది, మాట మాత్రం ఆగదు. ఆ అమ్మాయి రెండు ప్రతులు అడిగింది. ఒకటి ఇక్కడ ఉంచుకుని, రెండోది సెలవు మీద తుని వెళ్తున్నవాళ్లతో తల్లికి పంపింది. ఆ పాత పెట్టె ఇంకా మా ఇంట్లోనే ఉంది. పవర్ సప్లై కొనాలి.