బాల్యంలో భయం, ఫోబియా

గిద్దలూరు నుండి నంద్యాలకు వెళ్ళే రైలు దిగువమెట్ట దాటి నల్లమలలోకి ప్రవేశించిన కొంతసేపటికి, కొండను తొలిచిన సొరంగంలోకి జొరబడుతుంది. పట్టపగలే పెట్టెలో చీకటి కమ్ముకోగానే కొందరు పిల్లలు కేరింతలు కొడతారు. కొందరు తల్లి కొంగులో ముఖం దాచుకొంటారు. వెలుగు రాగానే అందరూ మళ్ళీ కిటికీల దగ్గరే ఉంటారు. ఇది సహజమైన భయం. ఆ సొరంగమున్నదన్న ఒక్క కారణంచేత నంద్యాలలోని మేనమామ ఇంటికి రానని మొండికేసే బాలుడొకడు ఉన్నాడనుకొందాం. ప్రయాణమన్న మాట వినగానే అతనికి చెమటలు పోస్తాయి; ముందురోజు రాత్రి నిద్ర పట్టదు. ఈ స్థితి ఆరునెలలకు మించి కొనసాగి, నిత్యజీవితానికి అడ్డు తగిలితే వైద్యులు దానిని ఫోబియా అంటారు.

మన ఆలంకారికులు ఇందుకు దగ్గరి భేదమొకటి ఎన్నడో గుర్తించారు. భరతుని నాట్యశాస్త్రంలో భయం భయానకరసానికి స్థాయీభావం. త్రాసం ముప్పైమూడు సంచారీభావాలలో ఒకటి. పిడుగు చప్పుడుకు ఉలిక్కిపడటం త్రాసం. అది వచ్చి పోతుంది. రంగస్థలాన్ని ఉద్దేశించి చెప్పిన మాటే అయినా, వచ్చిపోయే బెదురు వేరు, మనసులో తిష్ఠవేసే భయం వేరు అన్న ఎరుక అందులో ఉంది.

వయసునుబట్టి భయాలు మారుతాయి. చంటిబిడ్డకు పెద్ద చప్పుళ్ళు, కొత్త ముఖాలు. నాలుగైదేళ్ళవారికి చీకటి, జంతువులు, దయ్యాలు. బడి ఈడువారికి ఉరుములు, గాయాలు. వీటిలో చాలా భాగం వాటంతటవే సమసిపోతాయి. ఉరిమినప్పుడు అర్జునుని పేర్లు తలచుకొమ్మని నేర్పిన బామ్మలకు ఈ సంగతి తెలియనిది కాదు. నల్లమల అంచు పల్లెల్లో పొద్దుగూకాక అడవిదారిన పోవద్దనడం కూడ ఫోబియా కాదు, పులులున్న చోట అది వివేకం. పుస్తకంలో పులిబొమ్మ ఉన్న పుటను తిప్పడానికి సైతం చేయి వణికితే అది వేరు.

ఇది ఎందరిలో ఉంటుంది? అమెరికాలో 13 నుండి 18 ఏళ్ళ వయసుగల పదివేలమందికి పైగా పరీక్షించి 2010లో ప్రకటించిన ఫలితాలలో నూటికి 19 మందికి ఏదో ఒక వస్తువుపట్లనో, సందర్భంపట్లనో ఫోబియా కనబడింది. అయితే దానివల్ల తీవ్రంగా కుంగినవారు నూటికి ఒక్కరికన్న తక్కువే. 22 దేశాల సర్వేలను కలిపి 2017లో ప్రకటించిన అధ్యయనంలో, ఫోబియా ఎదుర్కొన్నవారిలో సగంమందికి అది ఎనిమిదేళ్ళ లోపే మొదలైనట్లు తేలింది. మన దేశంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాలకు పరిమితమైంది. ఆంధ్రప్రదేశ్ అందులో లేదు. మార్కాపురం పిల్లల లెక్క ఆ పట్టికలలో వెతికితే దొరకదు.

కుక్క తరిమిన అనుభవం ఒకరికి ఫోబియాగా మిగలవచ్చు. బల్లిని చూసి కెవ్వుమనే తల్లిని చూసి మరొకరు నేర్చుకోవచ్చు. అన్నం తినిపించడానికి బూచాణ్ణి పిలిచే అలవాటూ మెచ్చదగినది కాదు. ఎలా మొదలైనా దానిని పెంచి పోషించేది మాత్రం తప్పించుకోవడమే. సొరంగాన్ని తప్పించుకొన్న ప్రతిసారీ బాలునికి హాయిగా ఉంటుంది. ఆ హాయి కోసమే మరునాడూ తప్పించుకొంటాడు. అక్కడ ప్రమాదం లేదని తెలుసుకొనే అవకాశం అతనికి ఎన్నటికీ రాదు. బలవంతంగా రైలెక్కించి అరచేతులతో కళ్ళు మూసినా మేలు జరగదు.

మార్గం మెట్లుమెట్లుగా ఉంటుంది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు కుందేలంటే భయపడే పీటర్ అనే చిన్నారికి ఇష్టమైన తినుబండారాలు పెడుతూ, పంజరంలోని కుందేలును కొద్దికొద్దిగా దగ్గరకు జరిపింది. చివరకు ఆ పిల్లవాడు దానిని నిమిరాడు. మన బాలుడు కూడ మొదట దీపమార్పిన గదిలో తండ్రితో కూర్చొని, తరువాత సొరంగం బొమ్మ చూసి, ఆపై గిద్దలూరు స్టేషనులో ఆగిన పెట్టె ఎక్కి దిగి, చివరకు ప్రయాణం చేయవచ్చు. ఒక మెట్టుమీద గుండెదడ తగ్గాకే పై మెట్టు.

ఒక ఫోబియాకు మాత్రం పద్ధతి కొంత భిన్నం. పదేళ్ళకు, పదహారేళ్ళకు వేసే ధనుర్వాతపు టీకా సమయంలో సూదిని చూసి సొమ్మసిల్లే పిల్లలుంటారు. వారిలో రక్తపోటు ముందు పెరిగి, ఒక్కసారిగా పడిపోతుంది. అటువంటివారికి శరీరాన్ని వదులు చేసుకొమ్మనకూడదు; చేతులు, కాళ్ళ కండరాలు బిగబట్టడం నేర్పుతారు. రక్తపోటు నిలబడుతుంది.

కౌమారంలో భయం ముఖం మారుతుంది. చీకటికన్న నలుగురి చూపులే ఎక్కువ బెదిరిస్తాయి. పై అమెరికా అధ్యయనంలో నూటికి తొమ్మిదిమందిలో ఈ సామాజిక ఫోబియా కనబడింది. పాఠం వచ్చి కూడ, పేరు పిలవగానే నోరు పెగలని విద్యార్థినిని తరగతి 'చదవలేదు' అనుకొంటుంది. ప్రయోగ పరీక్షలో మార్కులు పోతాయి. కొన్నాళ్ళకు ఆమె కళాశాల మానేస్తుంది. నవ్వే సహాధ్యాయులకు తామేమి లాక్కొన్నామో తెలియదు. ఆమెకు మొదటి మెట్టు వేదిక కాదు. పక్కన కూర్చున్న స్నేహితురాలికి జవాబు చెప్పడం, తరువాత కూర్చున్న చోటినుండే ఒక వాక్యం చదవడం. జడుసుకొన్నదని తాయెత్తు కట్టించే పెద్దలు కట్టించవచ్చు. ఊరట దొరికితే మంచిదే. దానితో ఆగిపోకుండా, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్‌కు 14416 నంబరుపై ఫోను చేస్తే శిక్షణ పొందిన సలహాదారులు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.