ఎలుకకు పెట్టిన మందు
విషం తిన్న కుక్క మర్నాడు హుషారుగానే ఉండొచ్చు. మోసమంతా అక్కడే

సూరత్‌లో ఎలుకను ఎవరూ తేలిగ్గా తీసుకోరు. 1994 సెప్టెంబర్‌లో ప్లేగు భయంతో లక్షలాది మంది ఆ నగరాన్ని వదిలి పరుగులు తీశారు. నేటికీ భేస్తాన్‌లాంటి శివారు పేటల్లో ఇంట్లో ఎలుక కనిపిస్తే మొదట గుర్తొచ్చేది మందు పొట్లమే. దాన్ని పకోడీలోనో, బెల్లం కలిపిన పిండిలోనో పెట్టి మూలన ఉంచుతారు. చిక్కేమిటంటే, ఎలుకకు నోరూరించే వాసన కుక్కకూ నోరూరిస్తుంది.

మందులన్నీ ఒకేలా చంపవు. బిళ్లల రూపంలో దొరికే బ్రోమాడయోలోన్ ఒంట్లో విటమిన్-కె పనిని అడ్డుకుంటుంది. అప్పటికే రక్తంలో ఉన్న గడ్డకట్టే పదార్థాలు ఖర్చయ్యేదాకా కుక్క మామూలుగానే తిరుగుతుంది. మూణ్నాలుగు రోజులు గడిచాక నీరసం, దగ్గు, పాలిపోయిన చిగుళ్లు, నల్లటి విరేచనం కనిపిస్తాయి. అప్పటికి లోపల రక్తస్రావం మొదలై ఉంటుంది. తిన్న రోజే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్తే మాత్రం బతికే అవకాశాలు ఎక్కువ. దీనికి విరుగుడు విటమిన్-కె1. దాన్ని వారాల తరబడి వాడాలి.

జింక్ ఫాస్ఫైడ్‌కు అలాంటి విరుగుడు లేదు. కడుపులోని ఆమ్లం తగలగానే అది ఫాస్ఫీన్ వాయువుగా మారుతుంది. కుక్క వాంతి నుంచి వెలువడే ఆ వాయువు పక్కనున్న మనుషులకూ ప్రమాదమే. కాబట్టి కిటికీలు తెరవాలి. పసుపు భాస్వరం ఉన్న పేస్టు కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అది కొవ్వులో కరుగుతుంది కనుక విరుగుడనుకుని పాలు, నెయ్యి పట్టిస్తే విషం మరింత ఒంటికి పడుతుంది. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించడమూ ప్రమాదకరమే.

అందుకే ఖాళీ పొట్లాన్ని పారేయకూడదు. ఏ మందో తెలిస్తేనే వైద్యం సరిగా సాగుతుంది. పొట్లంపై ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు విష తీవ్రతను చెబుతాయి. ఆకుపచ్చ ఉన్నంత మాత్రాన కుక్కకు హాని లేదని కాదు. బరువు తక్కువున్న కుక్కకు కొద్దిపాటి మందే ఎక్కువవుతుంది. విషం తిని చచ్చిన ఎలుకను తిన్నా ముప్పే. కనుక దాన్ని వెంటనే తీసి పాతిపెట్టాలి.

కుక్క ఉన్న ఇంటికి బోనే మేలు. ప్లేగు తర్వాత సూరత్ పేరు నిలబెట్టింది కూడా వీధుల్లో చెత్త ఎత్తివేతే. తిండి దొరకని చోట ఎలుక నిలవదు. అలాంటి ఇంట్లో పొట్లం అవసరమే రాదు.